ఊరి మురుగుకాలువ – ఫ్యాక్టరీ పొరపాటు

(గ్రంథాలయ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ వేదికపై మురుగుకాలువను గూర్చి మాటలాడుట యేమని మిత్రులు కొందరు నన్ను ముందే హెచ్చరించిరి. కవిత్వమును గూర్చియో, దేశచరిత్రను గూర్చియో ప్రసంగించిన సభకు శోభ కలుగుననుట నిజమే. కాని ఈ గ్రంథాలయము ఎవరి సొత్తు? పౌరులందరి సొత్తు. వీధి క్రింద పారు కాలువయు అట్టిదే. పన్ను కట్టినవాడును, కట్టలేనివాడును ఆ కాలువనే వాడుకొనుచున్నారు. కుళాయి ఒక్కపూట రాకున్న మునిసిపల్ ఆఫీసునకు పోయి కేకలు వేయుదుము. మురుగు పోవుచున్నంతకాలము అది యెక్కడికి పోవుచున్నది, దానిలో ఎవరేమి కలుపుచున్నారు అని మనలో ఒక్కరమును అడుగము. ఇట్లు అడుగకుండుటవలన లోకమున కలిగిన కీడును కొంత మీకు విన్నవింప దలచితిని.

ఊరి భూగర్భ కాలువ ఇండ్ల నీటికొరకు కట్టినది. స్నానపు నీరు, వంటయింటి కడుగు, పాయిఖానా నీరు దానిలో చేరి, ఊరి చివర శుద్ధి కేంద్రమునకు పోవును. అక్కడ పెద్ద పెద్ద మోటార్లు తిరుగుచుండుట చూచి, శుద్ధి చేయునవి ఆ యంత్రములే యని చూడవచ్చినవారు భ్రమపడుదురు. యంత్రములు గాలిని నూదును, అంతే. మలినమును తిని నీటిని తేర్చునవి కంటికి కానరాని సూక్ష్మజీవులు. 1914లో మాంచెస్టరు నగరమున ఆర్డెర్న్, లాకెట్ అను ఇరువురు రసాయనజ్ఞులు, మురుగులో గాలి నూది, అడుగున దిగిన బురదను పారవేయక దానినే మరల క్రొత్త మురుగులో కలిపినచో శుద్ధి శీఘ్రముగా జరుగునని నిరూపించిరి. నేడు పెక్కు నగరముల శుద్ధి కేంద్రములకు మూలము ఆ పద్ధతియే. పాలు తోడుపెట్టు గృహిణికి ఈ సంగతి విప్పి చెప్ప నక్కరలేదు. నిన్నటి పెరుగు చెడినచో నేటి పాలు తోడుకొనవు.

ఈ తోడు మిక్కిలి సుకుమారమైనది. దినమంతయు కొద్దికొద్దిగా వచ్చు ఆమ్లమును ఊరి నీరు పలుచన చేయును గనుక సూక్ష్మజీవులు భరింపగలవు. ఆ ఆమ్లమే ఒక తొట్టి పగిలి అరగంటలో వచ్చిపడినచో అవి చచ్చును. వానిలో అమ్మోనియాను మార్చు జాతి మిక్కిలి నెమ్మదిగా పెరుగును. ఒక్కసారి నశించినచో మరల నిలదొక్కుకొనుటకు వారములు పట్టును. అప్పుడు పొరుగూరి కేంద్రము నుండి బురదను టాంకర్లలో తెచ్చి పోయుదురు. పొరుగింటి తోడు తెచ్చుకొనుట వంటిదే ఇదియు. ఇంతలో శుద్ధిలేని మురుగు ఏటిలో కలియుచునే యుండును, దిగువ గ్రామములు ఆ నీటినే త్రాగుచునుండును. నెలకొకసారి వచ్చి సీసాలో నీరు పట్టుకొనిపోవు ఇన్‌స్పెక్టరునకు ఆ అరగంట దొరకదు. ఆయన కాగితములలో ఫ్యాక్టరీ నిర్దోషముగనే యుండును.

అమెరికా దేశమున కెంటకీ రాష్ట్రములో లూయీవిల్ అను పట్టణము కలదు. ఒహాయో నదీతీరమున వెలసిన ఆ పట్టణము నాలుగేండ్ల వ్యవధిలో రెండుమార్లు ఈ పాఠమును నేర్చుకొనవలసి వచ్చెను. 1977 మార్చిలో పురుగుమందుల తయారీకి వాడు ఒక ఘోరమైన రసాయనము అక్కడి మురుగుకాలువలో ప్రవేశించెను. శుద్ధి కేంద్రమున పనిచేయువారికి కండ్లు మండి, ఊపిరి సలుపక రోగములు కలిగెను. కేంద్రమును మూసివేయక తప్పలేదు. దినమునకు సుమారు 10 కోట్ల గ్యాలనుల మురుగు శుద్ధిలేకయే నదిలోనికి పోయెను. ఇది పొరపాటు గాదు. వ్యర్థములను తరలించు వ్యాపారి యొకడు రహస్యముగా కుమ్మరించిన ఫలితమని కోర్టులో తేలెను.

రెండవది 1981 ఫిబ్రవరి 13 నాటిది. ఆ ఊరిలో రాల్స్టన్ ప్యూరినా కంపెనీవారికి సోయాగింజల నుండి నూనె తీయు కర్మాగారము ఉండెను. నూనెను విడదీయుటకు హెక్సేన్ అను ద్రవమును వాడుదురు. అది పెట్రోలు జాతిది. నీటిలో కరగదు, నీటిపై తేలును. దాని ఆవిరి గాలికన్న బరువైనది గనుక పైకి పోక పల్లములలోను, కాలువలలోను నిలిచిపోవును. గడ్డకట్టు చలిలో సయితము నిప్పురవ్వ తగిలిన మండును. తీసిన నూనె నుండి హెక్సేనును వేరుచేసి, చల్లార్చి, మరల వాడుకొనవలసిన యేర్పాటులో లోపము కలిగి, వేలకొలది గ్యాలనుల హెక్సేన్ మురుగుతో కలిసి ఊరి కాలువలోనికి పోయెను. కాలువ విశ్వవిద్యాలయపు ప్రక్కగా, ఇండ్ల నడుమగా సాగినది. తెల్లవారుజామున అయిదు దాటిన పిమ్మట ఒక మోటారుకారు ఆ త్రోవన పోవుచుండగా రవ్వ అంటుకొనెను. మాన్‌హోల్ మూతలు గాలిలోనికి ఎగిరెను. రెండు మైళ్లకు పైగా వీధులు గుంటలు గుంటలుగా కూలిపోయెను. ఎవరును చనిపోలేదు, నలుగురు గాయపడిరి. ఉదయము ఎనిమిదింటికి, పిల్లలు బడికి పోవు వేళ అది జరిగియుండిన ఏమగునో మీరే ఊహింపుడు. కాలువలను బాగుచేయుటకు ఇరువది నెలలు పట్టెను. కంపెనీ నేరము నొప్పుకొని జరిమానాయు, పరిహారముగా కోట్లకొలది డాలర్లును చెల్లించెను.

ఇందు నేను ముఖ్యముగా చెప్పదలచినది ధననష్టము కాదు. హెక్సేన్ గోడ దాటిన క్షణమునకును, నిప్పంటుకొనిన క్షణమునకును నడుమ కొన్ని గంటల వ్యవధి యుండెను. ఆ గంటలలో కాలువల అధికారులకు స్పష్టమైన వార్త అందినచో వీధులు మూసివేయవచ్చును, నీరు వదలవచ్చును, గాలి ఆడించవచ్చును. మూసిన పైపులో ఏమున్నదో పైనున్నవానికి కనబడదు. వదిలినవాడు చెప్పిననే తెలియును. పిదప ఆ నగరమువారు ప్రత్యేకముగా శాసనము చేసికొనిరి. ప్రమాదకర పదార్థములను నిలువయుంచు ప్రతి సంస్థయు, ఒలికినపుడు ఏమి చేయునో తెలుపు ప్రణాళికను మురుగునీటి శాఖకు ముందుగనే సమర్పింపవలెను. ఒలికినచో వెంటనే తెలుపవలెను.

మెక్సికో దేశమునందలి గ్వాదలహారా నగరమున 1992 ఏప్రిల్ 22 నాడు జరిగినది ఇంతకన్న దారుణము. అక్కడ నేరము ఫ్యాక్టరీది గాదు, భూమిలోని పెట్రోలు గొట్టముది. దాని చేరువనే జింకుపూత గల నీటిగొట్టమును వేసిరి. రెండు లోహముల నడుమ తేమవలన తుప్పు పుట్టి పెట్రోలు గొట్టమునకు రంధ్రము పడెను. పెట్రోలు నేలలో ఇంకి మురుగుకాలువలో చేరెను. నేలక్రింది రైలుమార్గము కొరకు ఆ కాలువను క్రిందికి వంచి మరల పైకి లేపియుండిరి. నీరు ఆ వంపు దాటిపోయెను. ఆవిరి దాటలేక అక్కడనే పేరుకొనెను. ఇండ్లలోని తూముల నుండి పెట్రోలు వాసన వచ్చుచున్నదని జనులు ముందు దినములలోనే మొరపెట్టుకొనిరి. అధికారులు వచ్చి చూచిరి, పోయిరి, వీధులను ఖాళీ చేయించలేదు. ఉదయము పది గంటల ప్రాంతమున మొదలైన ప్రేలుళ్లు సుమారు 8 కిలోమీటర్ల వీధులను చీల్చివైచెను. ప్రభుత్వపు లెక్క ప్రకారమే 200 మందికి పైగా మరణించిరి. సామాన్యుని ముక్కు చెప్పిన సాక్ష్యమును కాగితము మీద లేదని త్రోసివేయుట అన్ని దేశముల అధికారులకు గల అలవాటే కాబోలును.

ఇవి పరదేశపు కథలని ఊరడిల్లుటకు వీలులేదు. 2022 జనవరి 6 నాడు సూరత్ నగరపు సచిన్ పారిశ్రామిక వాడలో ఒక టాంకరు నుండి రసాయన వ్యర్థమును కాలువలో వదలుచుండగా విషవాయువు పుట్టి, ప్రక్క మిల్లులోని కార్మికులు ఆరుగురు మరణించిరి. అది దొంగతనముగా చేసిన పని. 2023 ఏప్రిల్ 30 నాడు లూధియానాలోని గియాస్‌పురాలో ఆదివారపు ఉదయమున 11 మంది ఊపిరాడక కూలిపోయిరి. అందు చిన్నపిల్లలును కలరు. మాన్‌హోల్ నుండి వెలువడిన హైడ్రోజన్ సల్ఫైడు వాయువు వైపే విచారణ వ్రేలు చూపెను. ఆ వాయువు పుట్టుటకు ఎవరి వ్యర్థము ఎంతవరకు కారణమను ప్రశ్న మాత్రము వివాదముగానే మిగిలెను. గోడ దాటిన మురుగునకు పేరుండదు. పదిమంది నీరు కలిసినపిమ్మట నేరమెవనిదని నిర్ణయించుట యెట్లు?

ఈ వాయువులు పుట్టు తీరు కష్టమైన శాస్త్రము కాదు. చర్మపు పరిశ్రమ నుండి వచ్చు సల్ఫైడు నీటిలో పొరుగు ఫ్యాక్టరీ ఆమ్లము కలిసినచో హైడ్రోజన్ సల్ఫైడు లేచును. లోహములకు పూతపెట్టు దుకాణము వదలిన సైనైడు నీటితో ఆమ్లము కలిసినచో అంతకన్న భయంకరమైన విషవాయువు పుట్టును. ఏ ఒక్కరి నీరు చూచినను హత్యాయుధముగా కనబడదు. ఇద్దరును తమ గోడలోపల నిర్దోషులే. హైడ్రోజన్ సల్ఫైడునకు మరియొక దుర్గుణము కలదు. మొదట కుళ్ళిన గ్రుడ్డు వాసన వచ్చును. మోతాదు పెరిగినకొలది ముక్కు మొద్దువారి వాసనయే తెలియదు. వాసన పోయినది, అపాయము తొలగినదని మాన్‌హోల్‌లోనికి దిగినవాడు మరల పైకి రాడు. అతనిని రక్షింపబోయిన రెండవవాడును రాడు. రక్షణ సాధనములు లేకుండ మనుష్యులను మురుగుకాలువలలోనికి దింపరాదని 2013లో పార్లమెంటు చట్టము చేసెను. అట్లు మరణించినవారి కుటుంబములకు 30 లక్షల రూపాయలు చెల్లింపవలెనని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. పరిహారము పెరిగినది, సంతోషమే. కాని దిగువాని ప్రాణము, ఆ పూట ఎగువ ఫ్యాక్టరీలో ఏ వాల్వు తెరచియున్నదో దానిపై ఆధారపడియున్నది. ఈ సంగతి ఏ చట్టపు కాగితమును అతనికి చెప్పుటలేదు.

ఇక "ప్రమాదవశాత్తు" అను మాటను కొంత పరీక్షింతము. విచారణ జరిగినప్పుడెల్ల ఫ్యాక్టరీ యాజమాన్యము ఈ మాటనే వాడును. దైవికముగా జరిగినదని దాని భావము. ఈ దైవికము లెక్కకు రెండు మూడు రూపములలోనే మరల మరల వచ్చుట గమనింపుడు. రసాయనపు తొట్టి చుట్టును అడ్డుగోడ యుండును. తొట్టి పగిలినను ద్రవము ఆ గోడలోపలనే నిలుచుటకు. దానిలో వాననీరు నిలుచునని అడుగున ఒక వాల్వు పెట్టుదురు. వాన వెలిసిన పిమ్మట నీరు వదలిన మనిషి దానిని మూయుట మరచును. ఆరు నెలలకు తొట్టి కారినప్పుడు అడ్డుగోడ ఉన్నను లేనట్లే. టాంకరు నుండి ద్రవమును ఎక్కించునప్పుడు గొట్టము ఊడును. ఆ చోటనే నేలలో ఒక తూము నోరు తెరచుకొని యుండును. షిఫ్టు ముగియుచున్నదని పాత్ర కడిగిన నీటిని తొందరలో దగ్గరి కాలువలోనికి త్రోయుదురు. వాననీటి కాలువ యేదో, మురుగుకాలువ యేదో ఆ ఫ్యాక్టరీలో ముప్పదేండ్లు పనిచేసిన మేస్త్రీకే తెలియదు. కట్టినవాడు పోయెను, పటము లేదు. ఇదంతయు దైవము చేసినదా?

నివారణకు గొప్ప యంత్రములు అవసరము లేదని నా దృఢాభిప్రాయము. రసాయనములు నిలువయుంచు చోట నేలలో తూము ఉండనే రాదు; ఉన్నచో సిమెంటుతో మూయవలెను. అడ్డుగోడ లోపలి చోటు అన్నిటికన్న పెద్ద తొట్టిలో పట్టు ద్రవమునకు నూటికి 110 వంతులు ఉండవలెనని చాల దేశములలో నియమము కలదు. దాని వాల్వు ఎల్లప్పుడును మూసి, తాళము వేసి, తాళపుచెవి ఒక్కని వద్దనే యుంచవలెను. కాలువలకు రంగులు వేసి, వాననీటిది ఒకటి, మురుగుది ఒకటి అని చదువురానివాడు సయితము గుర్తింపగలుగునట్లు చేయవలెను. అన్నిటికన్న ముఖ్యముగా, ఫ్యాక్టరీ నీరంతయు బయటికి పోవుటకు ముందు ఒక పెద్ద గుంటలో నిలువవలెను. ఆ నిలువ గుంట తొందరపాటునకు విరుగుడు. లోపల పొరపాటు జరిగినను, గుంట ద్వారము మూసి, పరీక్షించి, సరిచేసి వదలుటకు అవకాశము దొరకును. ఆమ్లత్వము హద్దు దాటినప్పుడు తనంతట తానే మూసికొను ద్వారములు కూడ నేడు లభించుచున్నవి. వానిని నమ్ముడు, కాని వానిపైననే ఆధారపడకుడు. కొలిచెడి కడ్డీకి పాచి పట్టినచో అది అబద్ధమే చెప్పును.

ఆ గుంటను కొలుచునప్పుడు మంటలార్పు నీటిని మరువరాదు. 1986 నవంబరు 1 నాటి రాత్రి స్విట్జర్లాండులోని బాసెల్ వద్ద సాండోజ్ కంపెనీ గిడ్డంగి తగులబడెను. మంటలార్పుటకు పోసిన నీరు పురుగుమందులను కడిగికొని కాలువల గుండా రైను నదిలో చేరెను. నది ఎర్రబారెను, చేపలు వందలాది కిలోమీటర్ల పొడవున చచ్చి తేలెను. అగ్గిని ఆర్పినవారు తమ కర్తవ్యము చక్కగ చేసిరి. నీరు నిలుచుటకు చోటు లేకపోవుటయే అనర్థమునకు మూలము.

ఇంత దూరము పోనేల? మన హైదరాబాదు సంగతి చూడుడు. 1908 మూసీ వరద తరువాత విశ్వేశ్వరయ్యగారు ఆ నగరమునకు భూగర్భ మురుగు పద్ధతిని రూపొందించిరి. ఇండ్ల నీటికొరకు రూపొందించిన ఆ పద్ధతి చుట్టును తరువాతి కాలమున సనత్‌నగర్, బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామిక వాడలు పెరిగినవి. పటాన్‌చెరువు ఫ్యాక్టరీల వ్యర్థము నక్కవాగును పాడుచేయగా రైతులు సుప్రీంకోర్టు వరకు పోరాడిరి. తుదకు సామూహిక కేంద్రమున శుద్ధి చేసిన ఆ నీటిని 18 కిలోమీటర్ల గొట్టము వేసి నగరపు మురుగుకాలువలో కలిపిరి. అది అంబర్‌పేటలో దినమునకు 33.9 కోట్ల లీటర్లను శుద్ధి చేయుటకు కట్టిన కేంద్రమునకు పోవలెనని యేర్పాటు. నక్కవాగునకు కొంత ఊరట కలుగుట మేలే. కాని ఫ్యాక్టరీ నీటికిని, ఇండ్ల నీటికిని అట్లు వివాహము జరిగినపిమ్మట, ఒకదాని పొరపాటు రెండవదానిని తాకక మానదు. సామూహిక కేంద్రమున ఒక రాత్రి జరిగిన లోపము అంబర్‌పేట సూక్ష్మజీవులకు తెల్లవారుసరికి తెలియును. మూసీ దిగువన వరి పండించు రైతునకు ఆ తరువాత తెలియును.

చిన్న పరిశ్రమలవారు నాపై కోపింపవచ్చును. రెండు గదులలో పది తొట్లు పెట్టుకొని పూతపని చేయువానికి నిలువ గుంటకు చోటెక్కడిది? న్యాయమైన ప్రశ్నయే. అట్టివారికి వాడకొక సామూహిక తొట్టియు, ఇంటింటికి వచ్చి వాడిన ఆమ్లమును తీసికొనిపోవు బండియు మునిసిపాలిటీయో, పారిశ్రామిక వాడ సంఘమో ఏర్పాటు చేయవలెను. బండికి అద్దె ఎక్కువైనచో ఆమ్లము రాత్రివేళ తూములోనికే పోవును. దండనము కన్న చౌకయైన దారి చూపుట మేలు. పెద్ద పరిశ్రమలవారు మాత్రము ఖర్చు పేరు చెప్పుటకు తగరు. ఒక తాళమునకు, రెండు బస్తాల సిమెంటుకు దివాళా తీయు కంపెనీ ఏదియు నాకు తెలియదు.

చట్టము లేదా యందురేమో. కలదు. బహిరంగ మురుగుకాలువలోనికి వదలు నీటి ఆమ్లత్వము 5.5 నుండి 9 లోపల ఉండవలెననియు, నూనె లీటరునకు 20 మిల్లీగ్రాములు మించరాదనియు పర్యావరణ నియమములు చెప్పుచున్నవి. 1974 నాటి జలచట్టమునందలి 31వ సెక్షను మన విషయమునకు ప్రాణము వంటిది. ప్రమాదమువలన విషపదార్థము ఏటిలోనో, బావిలోనో, మురుగుకాలువలోనో, నేలమీదనో పడినను, పడునట్లున్నను, ఆ చోటికి బాధ్యుడైనవాడు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికిని, నియమములు నిర్ణయించు ఇతర అధికారులకును వెంటనే తెలుపవలెనని అది శాసించుచున్నది. "పడునట్లున్నను" అను మాటను గమనింపుడు. ఒలికినపిమ్మట చెప్పుట చాలదు. తొట్టి చెమర్చుచున్నప్పుడే చెప్పవలెను.

అయినను ఎవరు చెప్పుచున్నారు? రాత్రి రెండు గంటలకు వాల్వు తెరచియుండుట చూచిన కూలివాడు చెప్పునా? చెప్పినచో ఉద్యోగము పోవును. మేనేజరు చెప్పునా? తన చేతితో తనపై కేసు వ్రాసికొనినట్లగును. ఈ భయము తొలగనంతవరకు 31వ సెక్షను పుస్తకములోనే యుండును. అమెరికాలో మురుగుకాలువ వాడుకొను ఫ్యాక్టరీ, ఇట్టిది జరిగిన క్షణముననే శుద్ధి కేంద్రమునకు తెలిపి, అయిదు దినములలో కారణమును లిఖితపూర్వకముగా సమర్పింపవలెను. ఎవరికి తెలుపవలెనో వ్రాసిన పలకను పనివారందరకు కనబడు చోట వ్రేలాడదీయవలెనని పెక్కు నగరముల శాసనము. చెప్పినంతమాత్రమున నష్టపరిహారము తప్పదు, తప్పరాదు కూడ. కాని చెప్పినవానికిని, దాచినవానికిని ఒకటే శిక్ష యుండుట తెలివితక్కువ. దాచినవానిని పదింతలు దండింపవలెను. నోరు విప్పిన కూలివానిని తొలగించిన యజమానిని అంతకన్న కఠినముగా దండింపవలెను.

మరియొక చిన్న చిక్కు. మండలి ఆఫీసు సాయంకాలమునకు మూసివేయుదురు. శుద్ధి కేంద్రమున మాత్రము రాత్రియంతయు ఆపరేటరు మేలుకొని యుండును. రానున్న ఆపదను ఆపగలవాడు అతడే. లోపలికి వచ్చు ద్వారమును దింపి, విషపు నీటిని వేరు తొట్టిలోనికి మళ్ళించుటకు అతనికి గంటయో, రెండు గంటలో వ్యవధి చాలును. కాలువలలో మనుష్యులు పనిచేయుచున్నచో వారిని పైకి పిలిపింపగలవాడును అతడే. చట్టమున "ఇతర అధికారులు" అని ఖాళీ విడిచిన చోట ఆ కేంద్రపు పేరు, టెలిఫోను నంబరు చేరినచో పని జరుగును. దీనికి క్రొత్త చట్టము అక్కరలేదు. రాష్ట్ర ప్రభుత్వము నియమములలో ఒక పంక్తి వ్రాసిన చాలును.

మునిసిపల్ సభ్యులు ఎన్నికలకు వచ్చినప్పుడు మనము వీధిదీపములను గూర్చి అడుగుచుందుము. ఈ మారు ఇదియు అడుగుడు. మన ఊరి కాలువలో కలియు ఫ్యాక్టరీల జాబితా మునిసిపాలిటీ యొద్ద కలదా? ప్రతి ఫ్యాక్టరీ గేటు వెలుపల నీటిని పరీక్షించుటకు ఒక మాన్‌హోల్ కలదా, దాని తాళపుచెవి ఎవరి వద్ద నున్నది? రాత్రి ఫోను చేసినచో ఎత్తువాడెవడు? ఆ నంబరును ఒకసారి మీరే రాత్రి రెండు గంటలకు పిలిచి చూడుడు.